ఆముదం వాసన

ఆ ఏడు మా కల్లంలో మిరపకాయ కంటే నా నోరే ఘాటుగా ఉండేది. అందుకు నేను మురిసిపోయేదాన్ని కూడా. ఇరవై రెండేళ్ళ మనిషికి పొగరెక్కడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. పదిమంది ఆడవాళ్ళు పని మధ్యలో తలెత్తి, నోళ్ళు తెరుచుకుని మనకేసి చూస్తే చాలు.

రెండు వేల రెండు సంవత్సరం. పెళ్ళై అత్తారింటికి వచ్చి మూడు నెలలు. మా పుట్టిల్లు ఒంగోలు. మా నాన్న యలమంద అక్కడో సినిమా హాల్లో గేటుకీపరు. అత్తారిది గుంటూరుకి ఇవతల నల్లరేగడి పల్లె. ఇంట్లో మా అత్తగారు సుబ్బరావమ్మ, మా ఆయన సంజీవరావు, నేను, ఆరెకరాల మిరప. ఆ మిరపని కూడా ఇంటి మనిషిలాగే లెక్క వేసుకోవాలి, అందరికంటే దాని మాటే ఎక్కువ చెల్లేది.

ఫిబ్రవరిలో మొదటి కోత కాయ ఇంటి వెనక స్థలంలో ఎండింది. ఎండాక ఏరుడు మొదలు. ఎర్రటి కాయ ఒక పక్కకి, తెల్లబోయిన తాలుకాయ ఇంకో పక్కకి. వినడానికి సుళువే. పొద్దుటినుంచి ఎండలో కూర్చుని, మూతికి గుడ్డ కట్టుకుని, తుమ్ముతూ దగ్గుతూ ఏరితే మధ్యాహ్నానికి చేతులు నిప్పులు కక్కుతాయి. ఆ పనికి ఆడవాళ్ళని తీసుకొచ్చేది ఖాజాబీ. మసీదు వీధిలో ఉంటుంది. భర్త లేడు, అర్ఫా అని ఒక్కతే కూతురు. ఇరవై ఏళ్ళుగా మా కల్లానికి ఆవిడే మేస్త్రి. ఆవిడ ఎంతమందిని తెస్తే అంతమంది, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవాలి. మా అత్తగారు ఊళ్ళో ఎవరి మాటా వినదు గానీ ఖాజాబీ మాట వినేది.

"ఏందమ్మాయ్, సినిమా హాలు పిల్లవంట గదా" అంది ఖాజాబీ ఓ మధ్యాహ్నం. "ఒక కథ చెప్పరాదూ? నిద్ర ముంచుకొస్తంది ఈళ్ళకి."

"ఏం కథ పిన్నీ?"

"ఏడుపుది వద్దు. ఆ ఏడుపు ఈ కాయలోనే ఉంది."

అలా మొదలైంది. నేను ఏడుపు సినిమాలు వదిలేసి హత్యల సినిమాలు ఎత్తుకున్నాను. ఎవరు చంపారో చివరిదాకా తెలియనివి. ఆ రకం కథ ఎలా చెప్పాలో నాకు పుట్టుకతో వచ్చిన విద్య. చిన్నప్పుడు మా నాన్న పక్కన హాలు తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఆయన తెరకేసి చూసేవాడు కాదు, దానికి వీపు పెట్టి జనాన్ని చూసేవాడు.

"మెలికంటే దాచిపెట్టడం కాదే పిచ్చిదానా" అనేవాడు. "దాచిపెడితే జనం తిడతారు. అసలు సంగతి కళ్ళ ముందే పెట్టాలి, చూపు మాత్రం ఇంకోడి మీదికి తిప్పాలి. వాడు కాదేమోనని జనానికి అనుమానం రావాలి, వాడేనని నమ్మకమూ పోకూడదు. ఇంక కుర్చీలోంచి లేస్తాడా ఎవడైనా?"

ఇంకో మాట కూడా చెప్పాడు. "హాల్లో జనం అందరినీ అనుమానిస్తారు. ఆఖరికి పోలీసోణ్ణి కూడా. కథ చెప్పేవాణ్ణి మాత్రం అనుమానించరు."

ఆ విద్యంతా కల్లంలో కుమ్మరించాను. సరిగ్గా కత్తి దొరికే చోట ఆగి మంచినీళ్ళు తాగేదాన్ని. తలుపు చప్పుడయ్యే చోట "రేపు చెప్తా" అనేదాన్ని. ఆడవాళ్ళు ఊరుకుంటారా? "డాక్టరే చంపాడు", "ఒసే నీ మొహం, ఆ మేనల్లుడు", అని ఒకళ్ళమీద ఒకళ్ళు పడి దెబ్బలాడుకునేవాళ్ళు. మర్నాడు చెప్పకుండానే పొద్దు పొడవకముందే వచ్చి కూర్చునేవాళ్ళు. మా అత్తగారు కూడా పైకి విసుక్కుంటూనే పీట కాస్త దగ్గరికి జరుపుకునేది.

"కోడలొచ్చిన వేళ మంచిదే అక్కా" అనేది ఖాజాబీ. "కాయ ఏరేదానికి కూడా కొట్లాడతన్నారు."

మార్చి నెలాఖరుకి ఒక కథ పట్టాను. అది నేను చెప్పిన వాటన్నిటికంటే గట్టిది. కొండమీద బంగళా. అందులో ఒక పెద్దాయన, ఆయన చెల్లెలు, డాక్టరు, వంటమనిషి. పెద్దాయన పాలు తాగి చనిపోతాడు. జరిగిందంతా చెల్లెలే కూర్చుని పోలీసులకి చెప్తూ ఉంటుంది. పాల గ్లాసు మీద పసుపు వేళ్ళ గుర్తులు. పసుపు చేతులు ఎవరివి? వంటమనిషివి. ఇంకేం, అందరూ ఆమె మీద పడతారు. చంపింది మాత్రం కథంతా చెప్తున్న ఆ చెల్లెలే. ఈ ఒక్క ముక్క దాచుకుని ఆరు రోజులు నడిపాను.

ఆ కథ మొదలుపెట్టిన గురువారం నా చేతులు బాగా మండాయి. మంట ఓర్చుకోలేక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాను. ఖాజాబీ వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు పొయ్యమాకు, ఇంకా ఎక్కువుద్ది. ఇట్టా పట్టు."

చిన్న సీసాలోంచి ఆముదం ఒంపి నా రెండు చేతులకీ, వేళ్ళ సందుల్లోకి పోయేలా రుద్దింది. ముఠాలో మిగతా అందరూ కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు, ఆవిడ ఒక్కతే ఆముదం. డ్రమ్ము దగ్గర మేమిద్దరమే ఉన్నాం.

"పుట్టింట్లో ఈ పని చేసిందానివి కాదు. నీకెందుకమ్మా, నీడన కూర్చుని కథ చెప్పు చాలు" అంది.

మంట నిజంగానే చల్లబడింది. అంతలో ఇంట్లోంచి మా అత్తగారు కేకేసింది, ఆడపడుచు అత్తమామలు కాయ చూడటానికి వస్తున్నారట, బోసి మెడతో వాళ్ళ కళ్ళబడొద్దని. నేను లోపలికి వెళ్ళాను, వచ్చాను, కథ అందుకున్నాను. వస్తామన్నవాళ్ళు రానేలేదు. ఆ సాయంత్రం మగవాళ్ళు వచ్చి ఏరిన కాయని బస్తాల్లో తొక్కారు, మర్నాడు బస్తాలు గుంటూరు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయాయి. ఆదివారం మా నాన్న వచ్చి ఒక పూట ఉండి, నన్ను చూసి వెళ్ళాడు.

బుధవారం పొద్దున వీధి చివర పేరంటానికి తయారవుతూ నల్లపూసల గొలుసు కోసం గూట్లో పౌడరు డబ్బా తీశాను. డబ్బా ఖాళీ.

ఆ గొలుసు మా అత్తగారిది. ఆవిడ అత్తగారు ఆవిడకి వేసింది, ఆవిడ పెళ్ళిపీటల మీద నాకు వేసింది. కారం ధూళి గొలుసు కిందికి చేరి మెడ మండుతోందని కల్లం పనులు మొదలైనప్పుడు తీసి ఆ డబ్బాలో పెట్టాను. ఇల్లంతా వెతికాం. పరుపులు దులిపాం, బియ్యం డబ్బా తిరగేశాం. మా ఆయన మంచం కింద పాకుతూ ఉంటే నాకు డబ్బా మూత మీద మరక కనిపించింది. జిడ్డు వేళ్ళ గుర్తులు, వాటికి అంటుకున్న ఎర్రటి ధూళి. వాసన చూశాను. ఆముదం.

అప్పుడు నాకేం గుర్తు రావాలి? గురువారం గుర్తు రావాలి. రాలేదు. నమ్మరని తెలుసు. నాకు గుర్తొచ్చింది పాల గ్లాసు మీద పసుపు వేళ్ళు. ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు, సంతోషంతో. సిగ్గులేకుండా చెప్తున్నాను, సంతోషంతోనే.

గొలుసు పోయిందని గొడవ చేసి ఊరుకుంటే సరిపోయేది. నేను అలా చేస్తానా! డబ్బా పట్టుకుని కల్లంలోకి వెళ్ళాను. ఆ రోజు కథ ఆఖరు చెప్తానన్న రోజు. అందరూ పది నిమిషాలు ముందే పని ఆపి ఎదురుచూస్తున్నారు.

"ఇవాళ ఆ కథ కాదు, మనింటి కథ చెప్తా" అన్నాను. మా అత్తగారూ మా ఆయనా వచ్చి నిలబడ్డారు. నేను ఎవరి పేరూ ఎత్తలేదు. గొలుసు పోయిందన్నాను. లోపలి గదిలోకి ఎవరెవరు వెళ్తారని అడిగాను. మజ్జిగ కోసం ఖాజాబీ ఒక్కతే వెళ్తుందని వాళ్ళే చెప్పారు. డబ్బాని ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి వాసన చూడమన్నాను. డబ్బా చేతులు మారుతున్నకొద్దీ మిగతావాళ్ళు మెడలు చాచి చూశారు. మా నాన్న చూసి ఉంటే మెచ్చుకునేవాడనిపించింది కూడా.

"ఈ వాసన ఎవరి చేతులది?" అన్నాను.

తలలన్నీ ఒకవైపు తిరిగాయి.

ఖాజాబీ లేచి వచ్చి డబ్బా తీసుకుంది. మూతమీది గుర్తులు చూసింది. వాసన చూసింది. తర్వాత నా చేతులకేసి చూసింది, నా ముఖంకేసి చూసింది. ఏదో అనబోయి ఆగిపోయింది.

"ఏందే ఖాజా, మాట్లాడవే!" అంది మా అత్తగారు. "కాదని చెప్పు. నువ్వు చెప్తే నేను నమ్ముతా."

"నేను తియ్యలేదక్కా. అంతకుమించి నాకాడ మాట లేదు."

"మరి నీ నూనె దాని మీదికి ఎట్టా వచ్చింది?" అన్నాడు మా ఆయన.

 ఖాజాబీ తన సంచి తెచ్చి మా ముందు బోర్లించింది. అన్నం గిన్నె, కాస్త చింతకాయ పచ్చడి, పాత తువ్వాలు, ఆముదం సీసా. కొంగు దులిపి చూపించింది. అన్నీ మళ్ళీ సర్దుకుంది గానీ సీసా మాత్రం అక్కడే వదిలేసింది. "పదండే" అనలేదు ఎవరినీ. ఒక్కతే గేటు దాటి వెళ్ళిపోయింది. ముఠాలో ఒకావిడ నెమ్మదిగా "అయితే ఆ కథలో చంపింది కూడా వంటమనిషేనా?" అని పక్కావిణ్ణి అడగడం నాకు వినబడింది.

మూడో రోజున, శనివారం, నా చేతులు మళ్ళీ మండాయి. కూలీలు ఎవరూ రాలేదు, నేనూ మా అత్తగారే ఏరుతున్నాం. ఆ సీసా ఇంకా అక్కడే ఉంది. రాసుకున్నాను. జిడ్డు తుడుచుకోవడానికి మూతికి కట్టుకునే తువ్వాలు తీస్తే దాని కొసన పాత ఆముదం మరక కనిపించింది. ముడి వేసి విప్పినట్టు ఆ కొస నలిగి మెలితిరిగి ఉంది.

మొత్తం గుర్తొచ్చింది. గురువారం ఆముదం చేతులతోనే లోపలికి వెళ్ళి డబ్బా మూత తీశాను. గొలుసు వేసుకుంటే జిడ్డూ కారమూ అంటుకుంటుందని, చుట్టాలు వచ్చాక వేసుకుందామని తువ్వాలు కొసన ముడేశాను. కథలో పెద్దాయన పాలు తాగి కుప్పకూలే చోట తువ్వాలు లాగి గాల్లోకి విసిరి, ఆయన ఎలా పడ్డాడో చూపించాను. అందరూ కెవ్వుమన్నారు. గొలుసు కాయల గుట్టలో పడిపోయి ఉంటుంది. ఆ సాయంత్రమే ఆ గుట్టని బస్తాల్లో తొక్కారు.

నిజంగా మరిచిపోయానా, లేక నేను కట్టిన కథ బాగుందని గుర్తు తెచ్చుకోలేదా? ఇరవై ఏళ్ళు దాటినా తేల్చుకోలేకుండా ఉన్నాను. ఆ శనివారం తర్వాత చేసిందానికి మాత్రం ఏ సాకూ లేదు.

వంటింట్లోకి వెళ్ళాను. మా అత్తగారు పప్పు ఎనుపుతోంది.

"అత్తయ్యా, ఆ గొలుసు..."

"ఆ మాటైతే ఎత్తకమ్మా" అంది నాకేసి తిరక్కుండానే. "గొలుసు పోతే పోయింది. ఇరవై ఏళ్ళు నా చేత్తో కూడు పెట్టానే దానికి. ఇంక ఆ మాట ఈ ఇంట్లో వినబడితే నేను తట్టుకోలేను. ఆ ఉప్పు అందుకో."

ఉప్పు డబ్బా అందించాను. మాట ఎత్తలేదు.

రేపు చెప్తా అనుకున్నాను. కథల్లో ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. రేపులు గడిచాయి. చెప్పడం ఆలస్యమైన కొద్దీ, ఎందుకు ఆలస్యం చేశావంటే ఏం చెప్పాలన్న భయం పెరిగింది. ఈలోపు నేను చెప్పిన కథ ఊరంతా తిరిగింది, నేను చెప్పినదానికంటే బాగా తిరిగింది. ఖాజాబీ వీధిలో వెళ్తుంటే "డబ్బాలు జాగర్తమ్మోయ్" అని అరుగుల మీద నవ్వులు. ఏప్రిల్లో ఏ కల్లానికీ ఆవిడని పిలవలేదు. ముఠాకి ఇంకొకావిడ మేస్త్రి అయింది. మే నెలలో ఖాజాబీ ఇంటికి తాళం వేసి, అర్ఫాని తీసుకుని ఒంగోలు వెళ్ళిపోయింది, పొగాకు గ్రేడింగు పనికి.

మా ఇల్లూ మారిపోయింది. మా అత్తగారు కల్లంలో పాటలు పాడేది, మానేసింది. మజ్జిగ చిలికితే అలవాటుగా రెండు గ్లాసులు తీసేది, ఒకటి మళ్ళీ లోపల పెట్టేసేది. నన్ను కథ అడిగినవాళ్ళకి తలనొప్పి అనేదాన్ని.

జూలైలో మా ఆయన బస్తాలు అమ్మడానికి గుంటూరు యార్డుకి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి వరండాలో నిలబడి జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. కాయ చూడటానికి బస్తా కోసి కుమ్మరిస్తే గొలుసు బయటపడిందట. పూసల సందుల్లో ఇంకా కారం ధూళి ఉంది.

మా అత్తగారు దాన్ని ముట్టుకోలేదు.

"నీ మెళ్ళోంచే జారి పడి ఉంటుందే" అన్నాడు మా ఆయన నాతో. "కొక్కెం వదులైందేమో. పాపం, నీకేం తెలుసు."

నేను నోరు విప్పకముందే నన్ను విడిపించేశాడు. కథ చెప్పినదాన్ని ఎవరూ అనుమానించలేదు. మా నాన్న చెప్పింది అక్షరాలా నిజం.

"రేపు మొదటి బస్సుకి ఒంగోలు పోదాం, తయారవు" అంది మా అత్తగారు.

ఒంగోలులో ఖాజాబీ ఉండేది వరస గదుల్లో ఒకటి. మమ్మల్ని చూసి లేచి చాప పరిచింది. చిక్కిపోయింది. చేతులు పొగాకు పసరుతో నల్లబడ్డాయి. మా అత్తగారు చాప మీద కూర్చోలేదు, గొలుసు చూపించి, ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది.

"నా కళ్ళు పోయాయే ఖాజా. ఇరవై ఏళ్ళు చూసి కూడా నిన్ను చూడలేకపోయాను."

"అదేం మాటక్కా! ఊరుకో. దొరికింది, అంతే చాలు."

"నువ్వు మళ్ళీ రావాలే. ఊరందరి ముందూ నేనే చెప్తా."

"చూద్దాంలే అక్కా. ఈడ పని కుదురుకుంది" అంది ఖాజాబీ. అందులో కోపం లేదు, వస్తానన్న మాటా లేదు. మా అత్తగారికి ఏడుపు ఆగలేదు. అర్ఫా ఆవిణ్ణి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది, ముఖం కడుక్కోవడానికి.

గదిలో మేమిద్దరం మిగిలాం. ఖాజాబీ స్టవ్వు మీద టీ పెట్టి, గొంతు తగ్గించింది.

"నిన్నొకటి అడుగుతా, ఏమనుకోమాకు తల్లీ. ఆ రోజు ఆ డబ్బా మీద వేళ్ళు నీవేనని నాకు చూడంగానే తెలిసింది. నూనె రాసింది నేనే గదా. అంతకు మూడు రోజుల ముందే మీ నాయన వచ్చెళ్ళినట్టు గుర్తు. పుట్టింటికి ఏదో కష్టమొచ్చి ఇచ్చుంటావు, బయటికి చెప్పుకోలేక ఇట్టా చేస్తన్నావు అనుకున్నా. నేను నోరు తెరిస్తే మూడు నెలల కాపురం, ఏమైపోయేదానివి? అందుకని ఊరుకున్నా. ఇప్పుడు చూస్తే కాయలో పడిందంట. నీకూ తెలీదు పాపం. అనవసరంగా నిన్ను అట్టా అనుకున్నా. తప్పు నాదే."

చాప మీద కూర్చున్నదాన్ని అలాగే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. నేను దొంగననుకుని కూడా నన్ను కాపాడింది. నాలుగు నెలలు నా బదులు మోసింది. ఇప్పుడు క్షమించమని నన్నే అడుగుతోంది. చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఈ భూమ్మీద ఉండదు. చెప్పాలనే నోరు తెరిచాను.

"గుర్తుంటే చెప్పకుండా ఉంటావా" అంది ఆవిడే, నన్ను సముదాయిస్తున్నట్టు.

"గుర్తులేదు పిన్నీ" అన్నాను.

ఖాజాబీ టీ వడపోసి నా చేతికిచ్చింది. ఎదురుగా కూర్చుని, ఇన్నాళ్ళలో మొదటిసారి కాస్త నవ్వింది.

"అది సరే గానీ, ఆ కథ ఆఖరు చెప్పనేలేదు నువ్వు. ఆకు ఏరతా రోజూ అనుకుంటా, ఆ పెద్దాయన్ని చంపింది ఎవరా అని. నాకు ఆ చెల్లెలి మీదే అనుమానంగా ఉండాది. అంతా ఆమే చెప్పుద్ది గదా. చెప్పు, ఎవరు?"

 గుమ్మంలో మా అత్తగారు తడిముఖం తుడుచుకుంటూ లోపలికి వస్తోంది.

"వంటమనిషే పిన్నీ" అన్నాను.

"అయ్యో!" అంది ఖాజాబీ. "ఆమె కాదని గట్టిగా నమ్మానే నేను. పాపం, ఆమే చేసిందా."

నేను తలూపి టీ తాగాను.